తెగులు పెంచే భూమవ్వ

పంటకు తెగులు రాకూడదని ఊరందరూ మొక్కుకుంటారు. ఎడపల్లి భూమవ్వకు మాత్రం ఇరవై రెండేళ్లుగా వరికి తెగులు అంటించడమే కూలి. బోధన్ దగ్గరి ఒక ప్రైవేటు విత్తన క్షేత్రంలో, కొత్త రకాల నారు మీద అగ్గితెగులు బీజాలు కలిపిన నీళ్లు చల్లి, పాలిథిన్ కప్పి, చెమ్మ ఆరకుండా కాపాడి, వారం తర్వాత ఆకుల మీద నూలుకండె ఆకారపు మచ్చలు లెక్కపెట్టేది ఆమే. మచ్చలు పడని రకమే రైతుల దాకా పోతుంది. "గామెను మీ పొలం గట్టు తొక్కనియ్యకుర్రి" అని వాడకట్టు ఆడవాళ్లు పరాచికాలాడేవారు.

ఆ కార్తీకంలో పదిహేడో సాలు, అంటే ఆ వరుసలోని నారు, ఆమెకు కుదురు లేకుండా చేసింది. నాలుగేళ్లుగా ఒక్క మచ్చ ఎరుగని రకం అది; యాసంగికి దాని విత్తన సంచులు పదిరోజుల్లో లారీ ఎక్కాలి. ఇప్పుడు ఏ ఆకు చూసినా మచ్చలే.

మేనేజరు తుకారాం వచ్చి చూసి పెదవి విరిచాడు.

"సాళ్లకు గుచ్చిన పేర్ల చీటీలు తారుమారు చేసినవ్ భూమవ్వా. గిది వేరే నారు."

"ఇరవై రెండేండ్ల సంది ఒక్క చీటీ తప్పలే సారూ."

"కండ్లు మసకలైనయి. అద్దాలు తెచ్చుకో పో."

కూలీలు కిసుక్కున నవ్వారు. భూమవ్వ నవ్వలేదు. అసలు సంగతి ఆమెకొక్కతికే తెలుసు. చెబితే పని పోతుంది; చెప్పకపోతే లారీ పోతుంది.

వారం కిందట పున్నమి స్నానానికి కందకుర్తి వెళ్లినప్పుడు, దారి పక్క మడి నిప్పు తగిలినట్టు మాడి ఉండటం చూసి, గుప్పెడు ఆకులు కొంగున కట్టుకొచ్చింది. క్షేత్రంలో చల్లేది ఏళ్లుగా ఫ్రిజ్‌లో దాచి పెంచుతున్న పాత తెగులు. ఇప్పుడు పొలాల్లో తిరిగేదీ అదేనా అన్న అనుమానం ఆమెను ఎప్పటినుంచో తొలుస్తోంది. ఎవరినీ అడగకుండా ఆ ఆకులు నీళ్లలో పిసికి పదిహేడో సాలుకు చల్లింది. బయటి తెగులును లోపలికి తేవడం అక్కడ అన్నిటికంటే పెద్ద తప్పు.

రెండు రోజులు ఆమె పరధ్యానంలో కలుపుతో పాటు నారు కూడా పీకింది. మూడోరోజు, కొత్తగా చేరిన శాస్త్రవేత్త శిరీష ముందు నిలబడి అంతా చెప్పేసింది.

శిరీష ఆకును వెలుతురుకు ఎత్తి చూసింది. "అవ్వా, ఆకుల కాపలా ప్రోటీన్లుంటయి, గ్రాహకాలంటం. తెగులు విడిచే పదార్థాన్ని పట్టి అవి శత్రువును గుర్తుపడ్తయి. తెగులు ఆ గుర్తు మార్చుకున్నదనుకో, ఇవి కనిపెట్టలేవు. అడవి వడ్లు, పాత వడ్లు వేల ఏండ్ల సంది తరతరానికీ కొత్త గ్రాహకాలు పుట్టించుకుంట వచ్చినయి. మన రకానికి ఉన్నది ఒక్కటే."

"అంటే మీ కాపలోడు పాత ఫోటో పట్టుకొని దొంగను దేవులాడుతున్నడు."

శిరీష నవ్వబోయి ఆగింది. "మల్ల పరీక్ష పెట్టాల్నంటే సారుకు రాసియ్యాలె. నీ పేరు లేకుంట రాయనా?"

"పేరు లేకుంటే తప్పు మల్ల చీటీల మీదికే పోతది. రాయి బిడ్డా."

ఒకే విత్తనాన్ని రెండు వరుసల కుండీల్లో పెంచిన నారు తెచ్చి, ఒక వరుసకు ఫ్రిజ్‌లోని తెగులు, రెండో వరుసకు కందకుర్తి తెగులు చల్లారు. భూమవ్వను దగ్గరికి రానివ్వలేదు. ఆమె ఆరు రోజులూ కుండీలు పెట్టిన వలగది బయట కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఏడో పొద్దున మొదటి వరుస నిగనిగలాడుతోంది. రెండోదాని నిండా మచ్చలు. తుకారాం రెండు వరుసల చీటీలూ తానే సరిచూశాడు. తర్వాత గోదాముకు ఫోను చేసి లారీని ఆపించాడు.

సాయంత్రం ఆమెను పిలిచాడు. "రేపటి సంది రాకు. నువ్వు తెచ్చిన తెగులు మిగతా మళ్లకు పాకితే ఎవలు జవాబు చెప్తరు?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. వేటులోనే న్యాయం లేదు: విచారణ లేదు, సంజాయిషీ అడగలేదు, నోటీసు ఇవ్వలేదు. పనిలోకి తీసుకున్ననాడు కాగితం లేదు కనుక తీసేసిననాడూ లేదు.

"సంచులు నిజంగ ఆగినయా?" అని మాత్రమే అడిగింది భూమవ్వ.

"ఆగినయి."

"గయితే మంజీర అవతల, మరాఠోళ్ల దిక్కు ఆకు గూడ తెప్పియ్యుర్రి సారూ. ఆడ ఇంకో తీరు తెగులున్నదేమో. జల్ది తెప్పియ్యుర్రి, కోతలైతే దొరకది."

ఆయన జవాబు కోసం ఆగకుండా, ఎడపల్లి బస్సు అందుకోవడానికి గబగబా నడిచిపోయింది.