సుపేలా ఆటోలో సిరా వేలు

కరోనా రోజుల్లో మున్సిపల్ ఎన్నికలు పెట్టారు. ఆ ఉదయం సుపేలా వెళ్లే షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్న పెద్దాయన వేలిమీద సిరా ఇంకా ఆరలేదు.

"అప్పుడే ఓటేసేశారా బాబాయ్?" అన్నాను.

"ఏసేసినానమ్మా. రెండ్రోజులై జ్వరం, బుకారు. బుకారున్నోల్లకి సాయంత్రం ఆఖరి గంట ఇచ్చినారు గానీ, అప్పుడెల్తే కాలనీ అంతా సూడదేటి? గోలీ ఏసుకుని పొద్దున్నే ఎల్లిపోనాను. నుదుటికాడ మిషను ఎట్టినా ఏటీ అన్లేదు."

మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాను. "ఏ పోలింగ్ బూతు?"

"నీల్ల టంకీ పక్క స్కూలమ్మా."

అమ్మ ఓటూ అక్కడే. వెంటనే ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. బూతులోకి ఫోన్ రానివ్వరని ఇంట్లో పెట్టి వెళ్లిపోయినట్టుంది.

పెద్దాయన మాస్కు కిందికి లాగి, నా వైపు వంగి, "ఎత్తట్లేదేటమ్మా?" అన్నాడు జాలిగా.