అరపావు కందిపప్పు

తమిళనాట ఇండూరులో మా పక్కింటి హొన్నమ్మకు అనుమానం పుట్టుకతో వచ్చింది. ఆవు పాలు తగ్గిస్తే దూడ తాగిందేమో అనుకోదు, ముందు మొగుడు మాదప్పను నిలదీస్తుంది. సామాన్ల గది తాళంచెవి ఎప్పుడూ ఆమె కొంగుముడిలోనే. అలాంటి ఇంటికి కారిమంగళం నుంచి తెన్మొళి కోడలుగా వచ్చింది. తమిళ పిల్ల. మొగుడు తిరుమలేశ్ ఆమెతో తమిళమే మాట్లాడతాడు. అయినా అత్త మెప్పు కోసం, ఆ ఇంటి మాటైన తెలుగు నేర్చుకోసాగింది. మాటమాటా నన్నడిగి పట్టుకునేది.

వచ్చిన కొత్తలోనే సాంబారుకు కందిపప్పు అడిగింది. పుట్టింట్లో ఎనిమిదిమందికి పావుకిలో వేసేవాళ్ళట. ఇక్కడ నలుగురే కాబట్టి పావును రెండు చేస్తే అరపావు. లెక్క బాగానే ఉంది, నోరే తిరగలేదు. అరను తమిళంలో 'అరై' అంటారు. ఆ అలవాటుతో సాగదీసి "అరా పావు" అంది. హొన్నమ్మ చెవికి అది అరకిలో, దానిమీద పావుకిలో. అంటే ముప్పావుకిలో! ఇదంతా మాకు తర్వాత తెలిసిన సంగతి.

నలుగురికి ముప్పావుకిలో ఎందుకని ఇంకెవరైనా అడిగేసేవారు. హొన్నమ్మ అడగదు. ఇచ్చి చూద్దాం, ఎక్కడికి పోతుందో అనుకుంది. నోరెత్తకుండా కొలిచి ఇచ్చింది. తీరా చూస్తే మామూలు సాంబారే. అంత పప్పు వేస్తే గరిటె నిలబడాలి కదా! అడిగినప్పుడల్లా అంతే ఇచ్చింది, ప్రతిసారీ అదే సాంబారు. కోడలు పుట్టింటికి బస్సెక్కుతుంటే సంచి పట్టుకుంటానని చెప్పి బరువు చూసింది. కారిమంగళం సంతలో మా పప్పే అమ్ముతా ఉంటారని నా చెవిలో ఊదింది. నాకు ఒళ్ళు మండింది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

చివరికొక రోజు నన్ను సాక్షిగా పిలిచి, కొడుకును కూర్చోబెట్టి, నీ పెళ్ళాం దొంగ, పుట్టింటికి పంపెయ్యమంది. తిరుమలేశ్ బిత్తరపోయాడు. తెన్మొళి ఏడవలేదు. లోపలికి వెళ్ళి, గుడ్డతో మూతి కట్టిన కుండ తెచ్చి అత్త ముందు పెట్టింది. నిండా కందిపప్పే.

"నేను అడిగింది పావులో సగం అత్తా. మీరు ఇంతింత ఇచ్చినారు. నన్ను పరీక్ష చేస్తా ఉండారనుకొని గింజ పోకుండా దాచినాను."

పావులో సగమనేసరికి నాకు వెలిగింది. 'అరపావు'కు, 'అరా పావు'కు తేడా ఏమిటో నేనే విప్పి చెప్పాను. హొన్నమ్మ పప్పులో కాలేసిందని మాదప్ప నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. మాట పొరపాటుగా వినబడింది సరే, పరీక్ష మాత్రం నిజమే కదా. హొన్నమ్మ తల దించుకుంది.

మర్నాడు తెన్మొళి నూట ఇరవై ఐదు గ్రాముల పప్పు తమిళంలో అడిగింది. తెలుగులోనే అడుగు తల్లీ, నీ నోట బాగుంటుంది అని హొన్నమ్మ బతిమాలింది.

వద్దులే అత్తా, మీ మాట మాట్లాడితే దొంగనవుతాను అని ఆ పిల్ల తమిళంలోనే చెప్పి, గిన్నె చాపింది.