సప్పుడు లేని బడి

మొయినాబాద్‌ల బడి నడుస్తున్నదో లేదో ఎవ్వరూ పోయి చూసేటోళ్లు కాదు, చెవులతోనే తెలుసుకునేటోళ్లు. పిల్లలు గొంతులు చించుకొని ఎక్కాలు చదువుతున్నరంటే సారమ్మ టీచర్ పని చేస్తున్నట్టే లెక్క. అరవై తొమ్మిదిల ఉద్యమం లేచి బళ్లు నెలల తరబడి బందయినప్పుడు ఊరంత బోసిపోయింది. సారమ్మ కూడ జై తెలంగాణ అన్నది, ఊరేగింపుల నడిచింది. కానీ బడి తెరిచినంక చూస్తే పిల్లల తలకాయల్ల ఏమీ మిగల్లేదు. ఏడెనిమిదులు ఎంతరా అంటే ఏడొకట్ల ఏడు కాడికెల్లి రావాలె, నడుమ ఆపితే మళ్ల మొదటికే. ఇన్నేండ్లు గొంతు పోయేదాంక తను నేర్పింది గిదేనా అని సారమ్మకు కడుపు మండింది.

చేవెళ్లల టీచర్లకు శిక్షణ పెడుతున్నరని తెలిస్తే, ఎవ్వరూ పొమ్మనకున్నా బయలెల్లింది. "ఈ వయసుల నీకు చదువేంది?" అని పెనిమిటి పౌలు నవ్విండు.

"నువ్వు గీ నెల రోజులు వంట నేర్సుకో, అక్కరకొస్తది" అని సంచి భుజానేసుకొని పోయింది.

తిరిగొచ్చినంక బడిల అరుపులు బందయినయి. పిల్లలు చింతగింజలు వరుసలు పేర్సుకుంట, ఒకరికొకరు మెల్లగ చెప్పుకుంట లెక్కలు చేసేటోళ్లు. ఊరికి అది మింగుడుపడలేదు. జీతం తీసుకొని ఊకె కూసుంటున్నదని తలా ఒక మాట అన్నరు.

ఒకనాడు హన్మయ్య నేరుగ తరగతిలకే వచ్చిండు. కూరగాయల తోటలున్న పెద్దమనిషి. ఆయన మనుమరాలు సాలమ్మ నాలుగో తరగతి.

"ఏడాదంత బందే పాయె. తెరిసినంక గూడ సప్పుడు లేకపాయె. నా పిల్లను తీసుకపోత, తోటల కలుపన్న తీస్తది."

సారమ్మకు కోపమొచ్చింది. బడిల అందరికంటె తెలివైన పిల్ల అది. ఇయ్యాల పోతే మళ్ల రాదు.

"తీసుకపోవుడు మీ ఇష్టం బాపు. ముందుగాల కూసొని ఒక్క లెక్క అడుగుండ్రి."

హన్మయ్య బల్లమీద కూసున్నడు. "ఏడెనిమిదులెంతనే?"

మనుమరాలు సాలమ్మ "యాభై నాలుగు" అన్నది.

"చూసినవా" అని హన్మయ్య తొడ చరిచిండు. సారమ్మకు సరైన జవాబు నాలుక చివరికొచ్చింది. చేతిల చాక్‌పీసు రెండు ముక్కలయింది గానీ ఆమె పెదవి విప్పలేదు.

"తప్పుజెప్తే దిద్దవేంది?"

"ఆగుండ్రి. పిల్ల ఇంక ఆలోచిస్తున్నది."

సాలమ్మ గింజలు వరుసలు పెట్టింది, పెట్టి నడుమలనే ఆపింది. తాత మొహం చూడలేదు, టీచర్ మొహం చూడలేదు.

"ఏడేడులు నలభై తొమ్మిది గదా తాతా. దాని మీద ఇంకొక ఏడు. యాభై ఆరు. ఇందాక తప్పు జెప్పిన."

హన్మయ్య గింజలను ఒక్కొక్కటే ముట్టుకుంట లెక్కబెట్టిండు. ఇంత చిన్న పిల్ల తన తప్పు తనే పట్టుకునుడు ఆయన ఇంతకుముందు చూడలేదు. లేసి కండువ దులుపుకున్నడు.

"అంతసేపు నోరు మూసుకొని ఎట్ల నిలబడ్డవు టీచరమ్మా?"

"చేవెళ్లకు పోయి గదే నేర్సుకొచ్చిన."

మనుమరాలి కోసం వచ్చిన మనిషి ఒక్కడే తోట దిక్కు పోయిండు.