పూజలో పెట్టిన పుస్తకం

వెబ్ సర్వర్లు నడపడం ఎలాగో నేర్పే పుస్తకాలు నా దగ్గర పదకొండున్నాయి. నాకు గురువులు అవే. బాపట్లలో మా కాలేజీలో నేను చేరింది ఫిజిక్స్ ల్యాబ్‌లో పనికి. "మీకు కంప్యూటర్ వచ్చు కదమ్మా" అంటూ ప్రిన్సిపాల్ గారు ఒకరోజు సర్వర్ గది తాళం నా చేతిలో పెట్టారు. కాలేజీ వెబ్‌సైటంతా ఆ గదిలో, ఏసీ కింద హోరుమనే ఒక పెట్టెలోంచి నడుస్తుంది. అది ఆగితే ఏం చేయాలో నాకు తెలియదని చెప్పే ధైర్యం లేక, తెనాలిలో పాత పుస్తకాల కొట్టులో లావుపాటిది ఒకటి కొన్నాను. ఇంటికీ కాలేజీకీ మధ్య రైల్లో రోజూ అదే చదువు. పక్కన కూర్చున్నవాళ్లు ఏ పోటీ పరీక్షకని అడిగేవారు.

ఆ పుస్తకం చివర ఒక ఖాళీ పేజీ ఉంది. మా పెట్టె మొదటిసారి మొరాయించినప్పుడు ఏం చేస్తే లేచిందో, ఏ డిస్కులో ఏముందో, ఏది ముందో ఏది తర్వాతో అంతా అందులో రాసుకున్నాను. లోకంలో సర్వర్లన్నిటి సంగతీ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. మా సర్వర్ సంగతి ఆ పేజీలో తప్ప ఎక్కడా లేదు.

కిందటి దసరాకి రేపల్లె నుంచి అమ్మ ఫోన్ చేసింది. "సరస్వతీ పూజలో పెడతాను, నీకు అన్నం పెట్టే పుస్తకం ఏదో అది తెచ్చియ్యవే" అంది. ఆదివారం వెళ్లి ఇచ్చి వచ్చాను. ఇస్తూ ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మూలా నక్షత్రం రోజు కాలేజీకి సెలవే. కానీ పరీక్ష దరఖాస్తులకు ఆ సాయంత్రం ఐదింటికి గడువు. పిల్లలు మా సైట్‌లోనే నింపాలి, నింపనివాళ్లు ఆ విడత పరీక్ష రాయలేరు. అందుకే నేనొక్కదాన్నీ కాపలా ఉన్నాను. రెండింటికి డిస్కు నిండిపోయి సైటు ఆగిపోయింది.

అడవులదీవి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, పేజీ రావట్లేదండి. ఐదు దాటితే ఇంక తీసుకోరంట కదండి?"

"వచ్చేస్తుందమ్మా" అన్నాను. ఎలా వస్తుందో నాకే తెలియదు. రెండు డిస్కుల్లో దరఖాస్తులున్నది ఏదో, ఖాళీ చేయాల్సింది ఏదో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. తప్పుదాన్ని ముట్టుకుంటే అప్పటిదాకా వచ్చినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

అమ్మకి ఫోన్ చేశాను. "నా పుస్తకం ఆఖరి పేజీ ఫోటో తీసి పంపమ్మా."

"పూజలో ఉందే. దశమినాడు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. దాని మీద మీ అన్నయ్య పుస్తకాలు, వాటి మీద అమ్మవారి పటం ఉన్నాయి."

"పిల్లల పరీక్ష పోతుందమ్మా. నా ఉద్యోగం కూడా."

"ఉండు, స్నానం చేసొస్తాను" అంది అమ్మ.

పొద్దున చేసింది చాలదట. గడియారం మూడు దాటింది. ఫోన్ పెట్టేయకుండా అలాగే విన్నాను. నీళ్ల చప్పుడు, తర్వాత గంట, తర్వాత అమ్మ గొంతు. "తల్లీ, చదువుకునే పిల్లల కోసం కదుపుతున్నాను. తప్పుంటే నాది, దానిది కాదు."

నాకు ఏడుపొచ్చింది.

మొదట అట్ట ఫోటో వచ్చింది, అక్షింతలతో సహా. "ఆఖరిదమ్మా, ఆఖరిది" అని అరిచాను. తర్వాత నా రాత వచ్చింది. ఒక్కొక్క వరుస రెండేసిసార్లు సరిచూసుకుంటూ కొట్టాను. నాలుగుంపావుకి సైటు లేచింది. ముందు అడవులదీవి అమ్మాయికే ఫోన్ చేశాను.

ఏ వివరమైనా రెండోచోట కూడా రాసి ఉంచాలని ఆ పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఉంది. దాని కింద గీత గీసింది కూడా నేనే.

ఈ ఏడు దసరాకి అమ్మ పుస్తకం అందుకుని, వేలు కుంకుమలో ముంచి అడిగింది. "దీనికి నకలుందా?"

"ఉందమ్మా, మూడు చోట్ల."

అన్నాక గుర్తొచ్చింది. శ్రావణంలో పాత పెట్టె తీసేసి కొత్తది పెట్టారు. దాని వివరాలు ఆ పేజీ వెనకవైపు రాశాను. అది ఎక్కడా ఎక్కించలేదు. అమ్మ చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను.

"ఏంటే?"

"ఒక్క నిమిషం" అని ఫోన్ కోసం సంచి వెతికాను. నేను ఫోటో తీసేదాకా అమ్మ కుంకుమ వేలు అలాగే పట్టుకుని నిలబడింది.