కోళ్లత్త నిలబెట్టిన రాక్షస పక్షి

మా మేనత్తను పేటంతా కోళ్లత్త అనేది. మావయ్య పోయాక కోడిమాంసం కొట్టు ఆవిడే నడిపింది, ముప్పై ఏళ్లు. నడుమ గుంటపడ్డ చెక్కమొద్దు, ఒక త్రాసు, మూలన వేణ్ణీళ్ల డ్రమ్ము, అంతే కొట్టు. ఆవిడ కత్తికన్నా నోరే పదునని కొనేవాళ్లు చాటుగా నవ్వుకునేవారు. అయినా ఇంకో కొట్టు గడప తొక్కేవారు కాదు.

అప్పట్లో నేను రెండు వీధుల అవతల మ్యూజియంలో టికెట్లు ఇచ్చేదాన్ని. ఆ ఏడాది పెద్ద హాల్లో ఒక పక్షిబొమ్మ మొదలుపెట్టారు. లక్షల ఏళ్ల కిందట అంతరించిపోయిన రాక్షస పక్షి. మనిషికన్నా ఎత్తు. ఎగరలేదు గానీ, జంతువుల్ని తరిమి పట్టి గొడ్డలిలాంటి ముక్కుతో చంపేదట. బొమ్మ చేసేది ఒక మెతకమనిషి, మేమంతా బొమ్మల మేష్టారు అనేవాళ్లం. ఆయన వారం రోజులుగా అత్త కొట్టుకు వచ్చి, గోళ్లతో సహా కోడికాళ్లు కొనుక్కుపోతున్నాడు.

"రోజూ కాళ్లేనా బాబూ? ఇంట్లో వండేవాళ్లు ఏమీ అనరా?" అని అడిగింది అత్త.

"వండడానికి కాదమ్మా, చూసి బొమ్మ చేయడానికి" అంటూ ఆయన సంగతంతా చెప్పాడు.

అత్త కత్తి పక్కన పెట్టింది. "ఎగరలేని పిట్టకి అంత పొగరా! చూడాల్సిందే దాన్ని."

మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసి, చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పక్షికి ఇంకా ఈకలు అంటించలేదు. ఇనుప చువ్వల మీద బూడిదరంగు పూతతో సిపాయిలా నిటారుగా నిలబడి ఉంది. అత్త దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"మేష్టారూ, తప్పుగా అనుకోకండి. వేటాడ్డం మాట దేవుడెరుగు, ఇది అడుగేస్తే ముక్కుమీద పడుతుంది."

మేష్టారి ముఖం మాడిపోయింది. "పుస్తకంలో కొలతలు చూసే చేశానమ్మా."

"కొలతలు సరే. తొడని మనిషి తొడలా కిందికి దించేశారు. పక్షికి తొడ పొట్టని ఆనుకుని ముందుకు ఉంటుంది. మోకాలు ఈకల చాటున దాక్కుంటుంది. బయటికి కనబడే ఈ మడత ఉంది చూశారూ, ఇది మడమ!"

మాటలతో తేలదనుకుందేమో, కొంగు దోపి, మోకాళ్లు వంచి, చేతులు వెనక్కి పెట్టి, మెడ సాచి హాలంతా నడిచింది. యాభై రెండేళ్ల మనిషి! నేను సిగ్గుతో చచ్చిపోయాను. మేష్టారు మాత్రం నవ్వలేదు. నేలమీద చతికిలబడి, "ఇంకోసారి నడవండమ్మా" అన్నాడు. మర్నాడే రంపం తెచ్చి తొడలు రెండూ కోసేశాడు.

మూడు వారాలు, మధ్యాహ్నమైతే అత్త అక్కడే. తల దగ్గర ఇద్దరికీ పెద్ద పేచీ వచ్చింది. కోడి దేన్నైనా పరీక్షగా చూడాలంటే తల పక్కకు తిప్పి ఒంటికంటితో చూస్తుందని అత్త. వేటాడేది ఎదురుగా చూడాలని ఆయన. రెండు రోజులు మాటల్లేవు. చివరికి సగం తిప్పి రాజీపడ్డారు. ఆ సగం చూపే భయంకరంగా కుదిరింది.

ఈకలు అంటించి ముసుగు తీసిన రోజు, హాల్లోకి వచ్చిన మొదటి పాప కెవ్వుమని తల్లి కాళ్లు చుట్టేసుకుంది. అత్త ముఖం వెలిగిపోయింది. ఇంటికి నడుస్తూ ఉన్నట్టుండి ఆగింది.

"ఇన్నేళ్లూ పక్షుల్ని ముక్కలు చేయడమేనే. ఒకదాన్ని నిలబెట్టడం ఇదే మొదలు."

మేష్టారు వేరే ఊరు వెళ్లిపోయాడు. ఏడాదికో ఉత్తరం రాసేవాడు, "మన పక్షి కులాసాయేనా?" అని. కొన్నాళ్లకు అత్తకు కీళ్లు పట్టేశాయి. కొట్టు అమ్మేసి నా దగ్గరికి వచ్చేసింది. సాయంత్రం నేను చెప్పులు విడవకముందే అడిగేది.

"ఏమే, ఇవాళ ఎంతమంది జడుసుకున్నారు?"

"తొమ్మిదిమంది అత్తా."

"ఇంత వానలోనా!" అని మురిసిపోయేది.

నిజానికి వానరోజుల్లో మ్యూజియంలోకి పురుగు కూడా వచ్చేది కాదు. నోటికొచ్చిన అంకె చెప్పేదాన్ని. ఆవిడకు తెలుసనే నా అనుమానం. అత్త పోయి పదకొండేళ్లయింది, నేనూ రిటైరయ్యాను. ఇప్పుడు ఏ పూట ఇంటికి చేరినా నాచేత అబద్ధమాడించే మనిషి లేదు.