నీళ్ళకు పదికి పది

మా మేనమామ బోర్డులు రాసే పెయింటరు. ఈ ఊరిని ఆయన తిట్టినంతగా ఇంకెవరూ తిట్టి ఉండరు. పొద్దున్నే దోమలతో మొదలుపెట్టి, రోడ్డు గుంటల మీదుగా మురిక్కాలవ దాకా వచ్చేసరికి చేతిలో టీ చల్లారిపోయేది. కానీ పై ఊరివాడెవడైనా ఒక్క మాట తక్కువ చేసి అన్నాడా, వాడి పని అయిపోయినట్టే. "మా ఊరిని మేం తిట్టుకుంటాం, మధ్యలో నువ్వెవడివి?" అని మీదికి వెళ్ళేవాడు. మా వీధి వీధంతా ఆ బాపతే.

ఏటా ఎవరో ఒక సంస్థవాళ్ళు జనానికి ఫోన్లు చేసి, మార్కులు వేయించుకుని, నివసించడానికి మేలైన యాభై నగరాల జాబితా ప్రకటిస్తారు. కిందటేడు మాకు నలభై ఆరో స్థానం వచ్చిందని విన్నప్పుడు మా వీధి మంగలి కత్తెర ఆపి, "మన వెనక కూడా ఊళ్ళున్నాయా? పాపం, వాళ్ళెలా బతుకుతున్నారో!" అని నిజంగానే జాలిపడ్డాడు.

మామకు మాత్రం ఆ జాబితా నవ్వులాట కాదు. ఫ్లెక్సీలొచ్చి ఆయన పొట్ట కొట్టాక, చేత్తో రాసే బోర్డు ఈ ఊళ్ళో ఒక్కటే మిగిలింది. ఊరి మొదట్లో, గాలికి ఫ్లెక్సీ నిలవని చోట, పెద్ద ఇనప రేకు మీద ఊరి స్థానం రాసి ఉంటుంది. ఏటా పాత అంకె గీకేసి కొత్తది రాయాలి. పదమూడు పద్దెనిమిది అయిన ఏడు మూడుకు రెండు వంపులు తగిలించి, పని లేదని మూతి ముడుచుకుని వచ్చాడు. ముప్పై ఒకటి నలభై ఆరైన ఏడు రెండంకెలూ కొత్తగా రాయాల్సి వచ్చి వారమంతా ఈల వేస్తూనే ఉన్నాడు. ఊరు ఎంత దిగజారితే ఆయనకంత పని. ఒక్కటే భయం, యాభై దాటకూడదు. దాటితే జాబితాలో ఉండం, బోర్డూ ఉండదు. ఏడాదిలో ఆ ఒక్క వారమే ఆయన పెయింటరు, మిగతా రోజులు గోడలకు సున్నం కొట్టే మనిషి. ఆ మాట ఎవరితోనూ అనేవాడు కాదు గానీ మాకు తెలుసు.

ఇక అత్త సంగతి. వాళ్ళది పై వాటా, మాది కిందిది. మూడేళ్ళ నుంచి పైన కుళాయి ఎండిపోయింది. అత్త రోజూ మా కుళాయి దగ్గర పట్టుకుని ముప్పై ఆరు మెట్లు ఎక్కేది. సాయం పట్టబోతే, "నీ పని నువ్వు చూసుకోవే" అని కసిరేది. మామ పట్టేవాడా? నిచ్చెనలెక్కే ఒళ్ళు ఇంట్లోనైనా విశ్రాంతి తీసుకోవాలట! పైపు బాగుచేయమని అత్త పోరగా పోరగా, ఆయన తన ఫోన్ నంబరు ఇచ్చి ఒక ఫిర్యాదు మాత్రం రాసి వచ్చాడు.

ఈ ఏడు మొదట్లో ఆయనకు ఫోనొచ్చింది. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. "సర్, మీ నగరం గురించి కొన్ని ప్రశ్నలండీ, పదికి మార్కులు చెప్పాలి" అందొక అమ్మాయి. మామ లేచి నిలబడ్డాడు. చొక్కా గుండీ కూడా పెట్టుకున్నాడు. నలభై ఆరుకీ యాభైకీ ఎంతో దూరం లేదు మరి.

"రోడ్లండీ?"

"తొమ్మిది."

"దోమలు ఎలా ఉన్నాయండీ?"

"దోమలా? మా ఊళ్ళో అవెందుకుంటాయమ్మా?"

"తాగునీళ్ళు సర్?"

సరిగ్గా అప్పుడే అత్త రెండు బకెట్లతో పై మెట్టు మీదికొచ్చింది. మామ గోడవైపు తిరిగి, "పదికి పది" అన్నాడు. అత్త బకెట్లు దించి ఊపిరి తీసుకుంది. నీళ్ళు గోళెంలో పోసి, ఖాళీ బకెట్లతో మళ్ళీ కిందికి దిగింది. తిట్టినా బాగుండేది.

నెల తిరక్కుండానే మామ ఫోన్‌కు సందేశం వచ్చింది. నీటి సరఫరాపై మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మీ సంతృప్తికి ధన్యవాదాలు అని. ఫిర్యాదుల చిట్టాలోని నంబర్లకే ఆ అమ్మాయి ఫోన్లు చేసిందని అప్పుడు తెలిసింది. తన గొయ్యి తనే తవ్వుకోవడమంటే ఇదే. అందులో పడింది మాత్రం అత్త.

మామ, నేను మున్సిపల్ ఆఫీసుకు పరిగెత్తాం. "అబద్ధం చెప్పానండీ, నీళ్ళు రావడం లేదు" అని మామ మొత్తుకున్నాడు. గుమాస్తా కంప్యూటర్లోంచి తలెత్తకుండా, "మూసిన ఫిర్యాదు తెరవడం కుదరదు. కొత్తది రాయండి, మీ ముందు నాలుగు వందల మంది ఉన్నారు" అన్నాడు. తర్వాత మామను గుర్తుపట్టి, "అన్నట్టు, ఈసారి నలభై మూడట! బోర్డు ఎప్పుడు రాస్తారు?" అన్నాడు. నాకైతే ఆ కంప్యూటరెత్తి అతని నెత్తిన వెయ్యాలనిపించింది.

కొత్త ఫిర్యాదు అత్త నంబరుతో రాశాం. మామ నలభై మూడు రాసి వచ్చాడు. ఆ వారం ఈల లేదు. మర్నాటి నుంచి బకెట్లు ఆయనే మోశాడు. అత్త వద్దనలేదు, మెచ్చుకోనూ లేదు. అప్పటికే ఆవిడకు మోకాళ్ళు వాచి, గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోయేది. పైన కుళాయి మాత్రం ఎండిపోయే ఉంది.

మొన్న, వచ్చే ఏటి జాబితా కోసం మళ్ళీ ఫోనొచ్చింది, ఈసారి అత్తకు. స్పీకరులో అదే గొంతు. రోడ్లకు అత్త ఏడు వేసింది. ఈ రోడ్లకు ఏడేమిటని నేను నోరెళ్ళబెట్టాను. "నీళ్ళండీ?" అంది అమ్మాయి. అత్త మామవైపు చూసింది. ఆయన అప్పుడే మెట్లెక్కి వచ్చి, బకెట్లు ఇంకా దించలేదు. అత్త ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా, "ఎనిమిదంటాలే. ఈసారి యాభై దాటితే నువ్వు తట్టుకోలేవు" అంది.

మామ బకెట్లు దించాడు. ఆయన కళ్ళు చెమర్చడం నేను చూశాను.

"సున్నా అని చెప్పవే" అన్నాడు. "వినపడేలా చెప్పు. నీ మోకాళ్ళు పోయాక ఊరికి ఎన్నో అంకె వస్తే నాకెందుకు?"