అమ్మ చెవిలో జపాన్

మా అమ్మ సంపూర్ణమ్మ పోయిన రోజు సాయంత్రం దాకా నేను ఏడవలేదు. ఏడవడానికి తీరికేదీ? కొవ్వూరులో మా చర్చి స్త్రీల సమాజం కార్యదర్శిని నేనే, వచ్చినవాళ్ళకి కాఫీలు చూసేదీ నేనే, పాస్టర్ గారితో మాట్లాడేదీ నేనే. నాలుగింటికి భూస్థాపన.

పదకొండింటికి ప్రేమ్ కుమార్ వచ్చాడు. సహకార సంఘంలో గుమస్తా, మా చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. అమ్మ ముప్పై ఏళ్ళు బళ్ళో పాటలు చెప్పిన మనిషి. చిన్నప్పుడు ఆవిడ దగ్గరే హార్మోనియం నేర్చుకున్నాడు. మొన్నటిదాకా ప్రతి శనివారం వచ్చి అమ్మ గదిలో గంటసేపు కూర్చునేవాడు.

మా చర్చిలో శవపేటిక మూసేటప్పుడు ఎవరూ పాడరు. ప్రేమ్ కుమార్ ఒక్కడే మాటల్లేని రాగం వాయిస్తాడు. నాలుగు స్వరాలు, కాసేపు ఆగడం, మళ్ళీ నాలుగు. ఎంత మొండివాళ్ళకైనా కళ్ళనీళ్ళు తిరుగుతాయి. అది పాత జర్మనీ మిషనరీల కీర్తన అనీ, మాటలు పోయి రాగం మిగిలిందనీ అందరం చెప్పుకుంటాం. మొన్న చర్చి వజ్రోత్సవ పుస్తకంలో అలాగే రాసిందాన్ని కూడా నేనే.

"హెలెన్‌ గారూ, పెట్టె మూసేటప్పుడు పెద్దాయనది వాయించమంటారా, ఆవిడదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏ పెద్దాయన?"

"జపాను ఆయనండి. మనం ఎప్పుడూ వాయించేది ఆయనదే కదా."

గుచ్చి గుచ్చి అడిగితే బయటికొచ్చింది. అది కీర్తనా కాదు, జర్మనీదీ కాదు. జపాను బొమ్మల సినిమాలోది. అనిమే అంటారట. తొమ్మిదేళ్ళ కిందట ఎవరి భూస్థాపనకో ఏం వాయించాలో తోచక అది వాయించేశాడు. ఎక్కడిదయ్యా అంటే పాతదేనండి అన్నాడు. మిగతాదంతా మేం అల్లుకున్నాం. మా నాన్నని కూడా బొమ్మల సినిమా పాటతోనే సాగనంపాం.

"నలభై దాటాయి, ఈ బొమ్మల పిచ్చేంటయ్యా నీకు? అమ్మకి తెలిస్తే గుండాగిపోయేది," అనేసి నాలిక్కరుచుకున్నాను. అమ్మ పక్క గదిలోనే పడుకుని ఉంది.

"టీచరుగారికి తెలుసండి. మొదటి రోజే పట్టేశారు. ఇంకా ఏమున్నాయో తెమ్మన్నారు."

శనివారాలు గదిలో జరిగింది నేననుకున్నట్టు ప్రార్థన కాదట. ఇద్దరూ జపాను సంగీతం విని పోట్లాడుకునేవాళ్ళట. ప్రేమ్ కుమార్‌కి ఇష్టమైన సంగీత దర్శకుడు ఒకడున్నాడు, యుద్ధాల కథలకి డ్రమ్ములూ కోరస్సులూ పెట్టి దంచేస్తాడు. "వీడికి రోజూ తీర్పు దినమేనా" అని అమ్మ తీసిపారేసేదట. మా భూస్థాపన రాగం కట్టిన పియానో పెద్దాయనంటే గౌరవం. "ఎక్కడ ఆగాలో తెలిసినవాడురా, కానీ ప్రతిసారీ ఏడిపించాలనే చూస్తాడు" అనేదట. అక్కడే బాణీలు కట్టే ఒకావిడ ఉందట, ఆవిడంటే మాత్రం ప్రాణం. ఒకదాంట్లో బ్యాండు మేళం, ఇంకోదాంట్లో ఒంటరి వయొలిన్. ఏ రోజు కూర ఆ రోజే కొత్తగా వండే మనిషి అని మెచ్చుకునేదట.

"నాకు తెలీకుండా ఎలా వింది?"

తలుపులోంచి అమ్మ మంచం పక్కనున్న తెల్ల డబ్బీ వైపు చూశాడు. అది అమ్మ చెవి మిషను. రెండేళ్ళ కిందట వైద్య శిబిరంలో ఇచ్చారని అమ్మే చెప్పింది.

"మిషను కాదండి. చెవుల్లో పెట్టుకుని ఫోనులో పాటలు వినడానికి నేనే తెచ్చిచ్చాను. టీచరుగారికి చెవులు బానే వినపడేవి."

రెండేళ్ళపాటు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. మందులేసుకో అని, అన్నానికి రా అని. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో" అని ఎన్నిసార్లన్నానో. వీధి చివర బుల్లెమ్మగారికి కూడా నా గొంతు వినపడేది. అమ్మ నవ్వుతూ "ఆఁ?" అనేది.

"నాకెందుకు చెప్పలేదు?"

ప్రేమ్ కుమార్ తల దించుకున్నాడు. "హెలెన్‌తో అనకు, తిడుతుంది అన్నారండి."

ఎనభై ఒక్కేళ్ళ మనిషి. కూతురు తిడుతుందని పాట దాచుకుంది. చెవిటిదాన్నని అనిపించుకోవడమే నయమనుకుంది. నాకు ఎక్కడలేని సిగ్గూ వేసింది.

"మరి తనకి ఏది వాయించమంది?"

"ఆవిడదేనండి. పెద్దాయనది అందరి పెట్టెలకీ వాయించి అరగదీశావు, నాకొద్దు అన్నారు. కానీ అందులో ట్రంపెట్లుంటాయి, హుషారుగా ఉంటుంది. జనం ఏమంటారో, పాస్టర్ గారు..."

"వాయించు. ఎవరైనా ఏమన్నా అంటే నాతో అనమను."

నాలుగింటికి అందరూ రుమాళ్ళు పట్టుకుని ఆ పాత రాగం కోసం ఎదురుచూస్తున్నారు. కీబోర్డులోంచి ట్రంపెట్లు ఒక్కసారిగా మోగాయి. పాస్టర్ గారు బైబిలు మూసి నావైపు చూశారు. బుల్లెమ్మగారు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మూత పట్టుకున్నవాళ్ళని ఆగమని, నేను అమ్మ చెవి దగ్గరికి వంగాను.

"తిట్టనులే అమ్మా, విను," అన్నాను, మెల్లగానే.